తడిబట్టలతో హైటెక్ సిటీకి

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా చీరాలలో కనిపించిన ప్రతివాళ్ళూ చార్మినార్ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చార్మినార్ చూడలేదు. గోల్కొండ చూడలేదు. బిర్యానీ కూడా తినలేదు. వారం పైగా ఆ ఊళ్ళో ఉండి నేను చూసినవల్లా హైటెక్ సిటీకి అవతల పుప్పాలగూడలో ఒక మిద్దె, ఖాజాగూడ రాళ్ళ కింద ఒక బుల్లి గుడి, ఒక పెద్ద ఆస్పత్రి. ఈ మాత్రానికి యాత్ర రాయడమేమిటని మా అమ్మాయి రమ నవ్వింది. కాశీ వెళ్ళినవాళ్ళు గంగ గురించి రాస్తారు, నేను వెళ్ళిన చోటు గురించి నేను రాస్తాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల చేత వ్యాసాలు రాయించి ఎర్రసిరాతో దిద్దిన తెలుగు టీచర్ని. రిటైరయ్యాక నేనొకటి రాసుకుంటే తప్పేముంది?

వెళ్ళింది నేనూ, మా కోడలు నీరజా. నీరజకి లింఫోమా వచ్చింది. ఒంటికి కాపలా కాసే గ్రంథులు మెడలోనూ చంకల్లోనూ ఉంటాయి కదా, వాటిలో పుట్టే క్యాన్సరు అది. మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచినప్పుడు మొదట టీబీ అన్నారు. మన దేశంలో మెడలో గడ్డంటే ముందు టీబీనే అనుమానిస్తారట. నెలల తరబడి ఆ మందులు మింగినా గడ్డ కరగలేదు, జ్వరం తగ్గలేదు, నిద్రలో పట్టిన చెమటకి దుప్పటి తడిసిపోయేది. చివరికి గుంటూరులో ఒక డాక్టరు గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపిస్తే అసలు పేరు బయటపడింది. ఈ రకానికి మంచి మందులున్నాయి, చాలామందికి నయమవుతుంది, భయపడకండి అని చెప్పి, దీని మీద హైదరాబాదులో ఒక పరిశోధన జరుగుతోంది, చేరతారా అని అడిగాడాయన.

"మా ఆవిడ మీద ప్రయోగాలు చేస్తారా?" అని మా అబ్బాయి శ్రీను కుర్చీలోంచి లేచాడు. తీరా కూర్చోబెట్టి చెబితే విషయం సబబుగానే ఉంది. రెండు కోర్సుల మందు ఎక్కించాక స్కాన్ తీస్తారు. జబ్బు ఆనవాలు లేకపోతే ఆ తర్వాత మందు తగ్గిస్తారు. ఉంటే గట్టి మందు ఇస్తారు. అలా తగ్గించినా జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా అన్నదే వాళ్ళు తేల్చుకోవాలనుకుంటున్నది. ఈ మందులు జబ్బునే కాదు, గుండెనీ ఊపిరితిత్తులనీ కూడా పట్టుకుంటాయట. కూరకి ఉప్పు వేసినట్టు సరిపడా వెయ్యాలి, చెయ్యి జారకూడదు.

మాకు మటుకు ఆ స్కాన్‌కి అర్థం ఒకటే. ఇంట్లో రెండేళ్ళు దాటిన మనవడు వాసు ఉన్నాడు. పసివాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక జలుబూ దగ్గూ, ఈ మందు మీద ఉన్న మనిషికి అవి అంటుకుంటే ప్రమాదం అన్నారని మొదటి రెండు కోర్సులప్పుడు నీరజని గుంటూరులో వాళ్ళ అన్నగారింట్లోనే ఉంచాం. స్కాన్ శుభ్రంగా వస్తే మందు తగ్గుతుంది, ఇంటికి వెళ్ళి పిల్లాడి దగ్గర ఉండొచ్చు. రాకపోతే హైదరాబాదులోనే గది తీసుకుని నెలలకి నెలలు గట్టి మందు. నీరజ కొడుకుని ఎత్తుకుని అప్పటికే మూడు నెలలు కావొస్తోంది.

లింగంపల్లి చలి

రాత్రి బండిలో నేను చీరాలలో ఎక్కాను, నీరజ గుంటూరులో ఎక్కింది. తలకి స్కార్ఫు, లోపలికి పోయిన బుగ్గలు, మెడ ఎముకలు పైకి తేలి కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలా ఉంది. "ఎలా ఉన్నావమ్మా?" అని నేను అడిగేలోపే "వాడెలా ఉన్నాడు అత్తయ్యగారూ?" అంది. వేరే ధ్యాస లేదు. వాడు ఏం తింటున్నాడు, ఎన్నింటికి పడుకుంటున్నాడు, స్నానానికి ఏడుస్తున్నాడా, అన్నీ చెప్పించుకుని, చెప్పినవే మళ్ళీ చెప్పించుకుని అప్పుడు కళ్ళు మూసుకుంది.

తెల్లారేసరికి లింగంపల్లి. సముద్రం పక్కనున్నవాళ్ళం, చలంటే మాకు తెలిసింది డిసెంబరులో ఫ్యాను కాస్త తగ్గించుకోవడమే. అక్కడ రైలు దిగీ దిగగానే చలి చెవుల్లోంచి దూరి పళ్ళ దాకా వచ్చింది. స్టేషను బయట టిఫిను బండి దగ్గర ఆగాం. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇడ్లీతోపాటు ఒక గారె వేసి, అల్లప్పచ్చడీ కారప్పొడీ అడగకుండానే పెడతారు. ఇక్కడ పల్లీ చట్నీ ఒక్కటే, అదీ ప్లేటు నిండా పోస్తే ఇడ్లీలు ఈదుకుంటూ వచ్చాయి. మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ నిలబడే గబగబా మింగేస్తున్నారు. అలా నిలబడి తింటే మా అత్తగారు పీట తెచ్చి వీపున వేసేది.

ఆ గుంపులో ఒక అమ్మాయి చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని, ఇడ్లీ ముక్క నలిపి వాడి నోట్లో పెడుతోంది. వాడు ఉమ్మేస్తున్నాడు, ఆమె తుడుస్తోంది, మళ్ళీ పెడుతోంది. నీరజ ప్లేటు చేత్తో పట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడిపోయింది. ఇడ్లీలు చల్లారిపోయాయి.

పుప్పాలగూడ మిద్దె

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అని ఆటో అబ్బాయి పేర్లు మార్చి మార్చి చెప్పాడు గానీ నా కంటికి అంతా ఒకటే గాజు. ఆ మేడల సందుల్లో పుప్పాలగూడ అని పాత ఊరొకటి ఇంకా మిగిలి ఉంది. ఆస్పత్రికి వచ్చేవాళ్ళకి గదులిచ్చే యాదమ్మ మిద్దె అక్కడే. కింద గదుల్లో పాలమూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డులు, పైన మేము. రోజుకి అయిదొందలు కిరాయి, వంట మనమే చేసుకోవచ్చు. యాదమ్మకి నా వయసే ఉంటుంది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, గొంతు ఊరవతలికి వినిపిస్తుంది.

"యాడికెళ్ళి వచ్చిన్రమ్మా?"

"చీరాల. సముద్రం పక్కన."

"సముద్రం నేనింక జూడలే. మస్తు పెద్దగుంటదంట గద?"

"మీ అపార్ట్‌మెంట్లు అన్నీ పడుకోబెట్టినా నిండదు" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని పిట్టగోడ దగ్గరికి లాక్కెళ్ళింది. ఎదురుగా మబ్బుల్ని తాకే మేడ. "గా లిఫ్టు మీదికి కిందికి తిరుగుతున్నది సూడు. గాడనే మా నాయిన జొన్న ఏసేటోడు. నేను మంచె మీద కూసోని పిట్టల గొడుతుంటి. ఇప్పుడు గా జాగకు పోతె, ఎవల్ని గలవాలె అని వాచ్‌మన్ అడుగుతున్నడు."

పొలం అమ్మిన డబ్బుతో మిద్దె కట్టింది, కొడుకులకి కార్లున్నాయి, దేనికీ లోటు లేదు. అయినా నేనున్నన్నాళ్ళూ చూశాను, పొద్దున లేవగానే ఆవిడ ముందు అటే చూస్తుంది. సర్వపిండి చేసి మాకు పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకి అద్ది కాలుస్తారు, మా తపేళా చెక్కకి సొంత అక్క. మా వైపు శనగపప్పు ఎక్కువ, వీళ్ళకి కారం ఎక్కువ. నేను రెండు తిని నీళ్ళ కోసం పరిగెత్తాను.

సాయంత్రం వీడియో కాల్ చేశాం. మా రమ కాపురం చీరాలలో మా పక్క వీధిలోనే, శ్రీను డ్యూటీకి పోతే వాసు ఉండేది వాళ్ళింట్లోనే. రమకి ఇద్దరు పిల్లలు. వాళ్ళు పొద్దస్తమానం అమ్మా అమ్మా అంటుంటే మా వాడూ అదే పట్టుకున్నాడు. ఫోన్‌లో మేం చూస్తుండగానే "అమ్మా, బిక్కత్తు" అని రమ కొంగు లాగాడు.

రమ మొహం మాడిపోయింది. "అమ్మ ఇదిగోరా నాన్నా, ఇటు చూడు" అని ఫోన్ వాడి ముందు పెట్టింది. వాడు ఒకసారి చూసి, నీరజ స్కార్ఫు కేసి ఇంకోసారి చూసి, మళ్ళీ రమ చెయ్యే లాగాడు.

"ముందు వాడికి బిస్కత్తు ఇవ్వండి వదినా" అని నీరజ నవ్వింది. కాల్ అయిపోయాక సంచి అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఉతకని వాసు చొక్కా ఒకటి మూతి బిగించి ఉంది. విప్పబోయి, ఆగి, మళ్ళీ కట్టేసింది. "ఊరికే విప్పితే వాసన అయిపోతుంది అత్తయ్యగారూ" అంది. నేను వంటగదిలోకి వెళ్ళి అక్కర్లేకపోయినా గిన్నెలు తోమాను.

ఖాజాగూడ రాళ్ళ కింద

స్కాన్ రోజుకి ఆస్పత్రివాళ్ళు చెప్పిన నియమాలు మా అత్తగారి మడి కన్నా ఎక్కువ. ముందు రోజు అన్నం, తీపి వద్దు, కూరలూ గుడ్లూ తినాలి. ఆ పూట మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ఎక్కువ నడవకూడదు, బరువులెత్తకూడదు. సూది వేశాక మాట్లాడకూడదు, ఏమీ నమలకూడదు. నీరజ అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. తడిబట్టల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకైనా ఎలా తోస్తుంది?

ముందు రోజు సాయంత్రం యాదమ్మ మాటల్లో మాటగా అంది. "మా చిన్నోడు దవాఖానల పడ్డప్పుడు నేను తడిబట్టలతోటి మైసమ్మ సుట్టు తిరిగిన. బట్ట పిండద్దు, ఒంటిమీదనే ఆరాలె. తల్లి జూసుకున్నది."

"గుడి దూరమా?" అని నీరజ అడిగింది.

వద్దందామని నోటి దాకా వచ్చింది. కానీ జబ్బు చేసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నాకిది కావాలి అని అడిగింది అదొక్కటే. ఇంజక్షన్లు వాళ్ళు పొడిచారు, జుట్టు మందు తీసుకుపోయింది, పిల్లాణ్ణి మేం దూరం చేశాం. ఇదొక్కటి తను చేస్తానంటోంది. సరే, జలుబు చేస్తే మాత్రలున్నాయి కదా అనుకున్నాను. నా తెలివి అంతవరకే వెళ్ళింది.

తెల్లవారుతుండగా ముగ్గురం ఆటోలో ఖాజాగూడ వెళ్ళాం. పెద్ద పెద్ద బండరాళ్ళు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు. మా ఊళ్ళో రాయి కావాలంటే లారీలో తెప్పించుకోవాలి, ఇక్కడ రాళ్ళని తప్పించుకుని ఇళ్ళు కట్టుకున్నారు. పక్కన చెరువు మీద పొగమంచు, దాని వెనక ఆఫీసు మేడల దీపాలు ఇంకా ఆరలేదు. రెండు రాళ్ళ మధ్య పసుపు పూసిన చిన్న గుడి. యాదమ్మ కుళాయి విప్పింది, నేనే చెంబుతో నీళ్ళు పోశాను. మొదటి చెంబుకి నీరజ గుక్క పట్టింది. నెత్తిన స్కార్ఫు అతుక్కుపోయి, చీర ఒంటికి చుట్టుకుపోయి, చేతులు జోడించుకుని మెల్లగా తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. ఏం కోరుకుందో అడగక్కర్లేదు.

బట్ట ఒంటిమీదే ఆరాలి కాబట్టి అలాగే ఆటో ఎక్కి ఆస్పత్రికి పోయాం. రెండు పక్కలా తలుపుల్లేని ఆటో, ఎదురుగాలి. చలేస్తోందా అని అడిగితే "లేదండీ" అంది. పళ్ళు కటకటలాడుతున్నాయి.

లోపలి చల్లదనం

ఆ ఆస్పత్రి లోపల ఏసీ ఎంతుందంటే, బయట చలే నయమనిపించింది. ఎందుకంత చల్లబెడతారో నాకు తెలియదు, మిషన్ల కోసమే అయ్యుంటుంది. కూర్చున్న చోటే చీర ఆరాక నీరజకి గౌను ఇచ్చారు, పైన కప్పుకోమని పల్చటి దుప్పటి ఇచ్చారు. "ఇంకో దుప్పటి కావాలా అమ్మా?" అని నర్సు అడిగింది కూడా. "వద్దండీ, పరవాలేదు" అంది నీరజ. మా కోడలికి మొహమాటం ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఆకలేస్తున్నా రెండోసారి అన్నం అడిగేది కాదు. పైగా ఆ రోజు మొక్కు ఉంది. చలేస్తోందంటే మొక్కు మీద ఫిర్యాదు చేసినట్టని భయపడింది.

సూది వేశాక ఆమెని ఒక చిన్న గదిలో ఒంటరిగా పడుకోబెట్టారు. నేను బయట కూర్చున్నాను. పక్క కుర్చీలో మల్లేశం అని ఒకతను పరిచయమయ్యాడు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని. అతనిదీ లింఫోమానే, ఇంకో రకం. వేరే మందు మీద జరుగుతున్న పరిశోధనలో ఉన్నాడు.

"నాకు గూడ మొదలు టీబీ అనే అన్నరమ్మా" అన్నాడు. "మెడ మీద గడ్డొస్తే ఎవనికైనా గదే అంటరు. మీ బిడ్డనా?"

"కోడలు."

"ఫికర్ జేయకున్రి. జర ఓపిక వట్టాలె, అంతే." అని మెడ తడుముకుంటూ, "నాకు నొప్పితోటి పరేషాన్ లేదమ్మా. ఇంట్ల నిద్ర వస్తలేదు. ఇన్నేండ్లు మిషన్ సప్పుడుల బతికిన. ఇప్పుడు నిమ్మలంగ ఉంటే ఏదో పోగొట్టుకున్నట్టున్నది. పోయిన వారం షెడ్డు కాడికి పోయి బయట నిలవడ్డ. లోపటికి పోలే. సప్పుడు విని వచ్చిన."

చెప్పి, సిగ్గుపడి, నేల చూపులు చూశాడు. పొలం కేసి చూసే యాదమ్మ, షెడ్డు బయట నిలబడే ఇతను, చొక్కా వాసన దాచుకునే మా నీరజ. ఈ ఊళ్ళో నాకు తగిలిన వాళ్ళందరికీ మనసు ఇంకెక్కడో ఉంది. నాకు మటుకు ఏముంది? ఆ కుర్చీలో కూర్చుని మా ఇంటి వెనక వసారాలో ఉక్కపోతకి చెమటలు కక్కుతూ మనవడికి అన్నం తినిపించడం కోసం నా ప్రాణం కొట్టుకుపోయింది.

వెలిగిన మెడ

మర్నాడు డాక్టరమ్మ పిలిచింది. నలభై లోపు మనిషి, మాటలో తొందర లేదు. కంప్యూటరు మా వైపు తిప్పింది. బూడిదరంగులో నీరజ శరీరం. మెడకి రెండు పక్కలా, భుజాల మీద, వెన్ను పొడుగునా పసుపుపచ్చగా వెలుగుతోంది. జబ్బున్న చోట వెలుగుతుందని, మందు మొదలెట్టకముందు తీసిన స్కాన్‌ నాడే శ్రీనుకి చెప్పారు, శ్రీను నాకు చెప్పాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. నీరజ మాత్రం కదలకుండా చూస్తోంది.

"నిన్న మీకు బాగా చలేసిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ" అంది నీరజ.

నేనిక ఊరుకోలేకపోయాను. మొత్తం చెప్పేశాను. చెంబు, కుళాయి, మైసమ్మ, పిండకుండా ఆరిన బట్ట, తలుపుల్లేని ఆటో, వద్దన్న దుప్పటి. తిడుతుందనే అనుకున్నాను. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలింది.

"చెప్పి మంచి పని చేశారమ్మా. మెడలోనూ భుజాల్లోనూ ఒక రకం కొవ్వుంటుంది. చలేస్తే ఒంటిని వెచ్చబెట్టడానికి అది చక్కెరని మండిస్తుంది. సన్నగా ఉన్న చిన్నవయసు ఆడవాళ్ళలో ఎక్కువ. స్కాన్ కోసం మేం ఇచ్చే మందు కూడా చక్కెర లాంటిదే. జబ్బూ దాన్ని లాగుతుంది, ఈ కొవ్వూ లాగుతుంది. రెండూ ఇలాగే వెలుగుతాయి."

"అయితే జబ్బు లేనట్టేనా?"

"ఆ మాట ఇప్పుడు అనలేను. కొవ్వేనేమో అనిపిస్తోంది. కానీ గడ్డ మిగిలి ఉన్న చోటు కూడా ఆ వెలుగులోనే కలిసిపోయింది. మామూలుగా నేనొక్కదాన్నే చూసి చెప్పేదాన్నేమో. ఇది పరిశోధన. వేరే ఊళ్ళో ఇంకో డాక్టరు కూడా చూస్తారు, ఆయనకి మీ పేరు కూడా తెలియదు. ఏమో అని రాసి ఒకరికి మందు తగ్గించలేం, పెంచలేం. మళ్ళీ తీద్దాం." స్కాన్ మళ్ళీ తీసినందుకు మా దగ్గరేమీ తీసుకోమని కూడా చెప్పింది.

లేచేటప్పుడు నీరజ భుజం మీద చెయ్యి వేసింది. "దేవుడికి దండం పెట్టుకోండి. నేనూ పెట్టుకుంటాను. ఈసారి మాత్రం పొడిబట్టలతో."

ఎండలో కూర్చున్న రోజులు

విషయం తెలిసి యాదమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "అయ్యో, నేనే జెప్తిని గదమ్మా! నా నోరు పడిపోను!" అని, ఆ తర్వాత ఇంట్లో ఉన్న రగ్గులన్నీ మా గదిలో గుట్ట పోసింది. మధ్యాహ్నం మమ్మల్ని మిద్దె మీద ఎండలో కూర్చోబెట్టేది. ఎదురు మేడలో ఆఫీసు పిల్లలు టీ కప్పులు పట్టుకుని అద్దాల వెనక నిలబడితే, మేం శాలువాలు కప్పుకుని ఇటు కూర్చునేవాళ్ళం. మమ్మల్ని చూసి వాళ్ళేమనుకున్నారో గానీ ఒకమ్మాయి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఎండ ఒళ్ళో పడుతుంటే ఒకరోజు నీరజ ఉన్నట్టుండి అంది. "అత్తయ్యగారూ, మళ్ళీ వెలిగితే?"

"వెలగదు."

"వెలిగితే వాడు వదినని అమ్మా అనే పెరుగుతాడు కదా. వదిన నాకన్నా బాగానే పెంచుతుంది, నాకు తెలుసు. కోపం లేదు. కానీ వాడు నా మెడ మీద మొహం పెట్టి పడుకునేవాడండీ. ఈ గడ్డ ఉన్నవైపే. ఆ బరువు కావాలని ఉంది. నాకింకేమీ వద్దు. అమ్మా అనకపోయినా ఫర్వాలేదు, దగ్గరుంటే చాలు."

అని రగ్గులో మొహం పెట్టుకుని ఏడ్చింది. దగ్గరికి లాక్కుని నేనూ ఏడ్చాను. ఎండ తగ్గాక యాదమ్మ వచ్చి, ఇద్దరికీ వేడినీళ్ళు ఇచ్చింది.

రెండో స్కాన్‌కి బయల్దేరిన తీరు మా వీధివాళ్ళు చూసి ఉంటే పెళ్ళిళ్ళలో చెప్పుకునేవారు. నీరజకి రెండు స్వెట్టర్లు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, సెక్యూరిటీ గార్డు ఇచ్చిన మంకీ క్యాప్, దాని మీద యాదమ్మ రగ్గు. ఆటో అబ్బాయి రెండు పక్కలా తెరలు దించి, "అమ్మా, ఏసీ బంద్ జేస్తి" అని నవ్వించాడు. ఆస్పత్రిలో ఈసారి ఆమె పడుకునే గదిలో ఏసీ ఆపేశారు, రెండు దుప్పట్లు కప్పారు, ఆ కొవ్వుని నిద్రపుచ్చడానికని ఒక చిన్న మాత్ర కూడా ఇచ్చారు. "ఇంకో దుప్పటి కావాలా?" అని నర్సు అడగ్గానే నీరజ, "కావాలండీ" అంది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మల్లేశం ఆ రోజు రిపోర్టు కోసం వచ్చాడు. అతనికి మందు పని చెయ్యలేదట. "మళ్ళ మొదటికొచ్చింది కతమ్మా. ఇంకో మందు ఉన్నదంటున్నరు, సూద్దాం" అని, నా చేతిలో ఒక బత్తాయి పెట్టి, "మీ కోడలికియ్యున్రి, స్కాన్ అయినంక" అన్నాడు. అతను ఆ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. ఫోన్ నంబరు అడగడానికి ధైర్యం చాల్లేదు.

రెండు రోజులకి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "శుభ్రంగా ఉందమ్మా. ఇద్దరం చూశాం. వెలుగు ఎక్కడా లేదు. మందు తగ్గిస్తున్నాం. ఇంట్లో ఎవరికీ జలుబు లేకపోతే పిల్లాడి దగ్గరికి వెళ్ళొచ్చు." ఇంకా పరీక్షలుంటాయి, కోర్సులుంటాయి, ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాలి అని కూడా చెప్పింది. నీరజ "సరేనండీ, సరేనండీ" అంటూనే చేత్తో బట్టలు సంచిలో కుక్కుతోంది. యాదమ్మ మమ్మల్ని ఆటో ఎక్కించి, ఆఖరి రోజు కిరాయి తీసుకోనని మొండికేసింది. చీరాల రమ్మని, సముద్రం చూపిస్తానని పిలిచాను. వస్తానంది.

చీరాల

స్టేషనుకి శ్రీను వచ్చాడు. పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించాడు. ఇంటికి రాగానే నీరజ కాళ్ళు కడుక్కుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, ముక్కుకి మాస్కు కట్టుకుని వరండాలో చాప మీద కూర్చుంది. నిలబడితే వాడు జడుసుకుంటాడని కూర్చుంది.

రమ పిల్లలతో వచ్చింది. రమ పిల్లలిద్దరూ ముందు పరిగెత్తారు. వాళ్ళకి నీరజ మేనమామ భార్య, కాబట్టి అత్త. "అత్తొచ్చింది! అత్తా! అత్తా!" అని చాప చుట్టూ గెంతారు. వాసు రమ కాళ్ళ వెనక నుంచి చూస్తున్నాడు. స్కార్ఫునీ మాస్కునీ చాలాసేపు చూశాడు. నీరజ చేతులు చాచలేదు. ఒళ్ళో పెట్టుకుని ఉంచుకుంది. ఆ చేతుల్ని అలా ఆపుకోవడానికి ఎంత బలం కావాలో నాకు కనిపిస్తూనే ఉంది.

పెద్దపిల్లల అరుపులకి వాడికీ హుషారొచ్చింది. ఒక్కో అడుగే వేసుకుంటూ చాప అంచు దాకా వచ్చి, చేతిలో మూత రాని చిన్న డబ్బా ఒకటి ఆమె ముందుకి చాచాడు.

"అత్తా, తీ" అన్నాడు.

రమ గాభరాపడింది. "అత్త కాదురా! అమ్మరా! మీ అమ్మ!" నేనూ నోరు తెరిచాను, పిల్లల తప్పులు దిద్దిన నోరు కదా. నీరజ మా ఇద్దరికేసీ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఉండనివ్వండి" అంది. డబ్బా అందుకుని, మూత తీసి, వాడి చేతిలో పెట్టింది.

వాడు లోపల చూసుకుని, సంతోషించి, మూత మళ్ళీ పెట్టేసి, మళ్ళీ చాచాడు. "అత్తా, తీ."

"ఏం నాన్నా" అని పలికింది మా కోడలు.